ఊహ ముందా, ఆచారం ముందా: లెదర్ నవలల సంగతి

1979లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెలువడే ‘డ్రమ్మర్’ అనే గే పత్రికలో ఒక సీరియల్ మొదలైంది. పేరు ‘మిస్టర్ బెన్సన్’, రాసింది జాన్ ప్రెస్టన్. న్యూయార్క్‌లో జేమీ అనే కుర్రాడు ఉంటాడు. అందగాడు, కాస్త తిక్క. బాగా డబ్బున్న, మాట కరుకైన అరిస్టాటిల్ బెన్సన్ కంటపడి, తన ఇష్టంతోనే ఆయనకు దాసుడుగా కుదురుకుంటాడు. సీరియల్ నడుస్తుండగానే అమెరికా గే బార్లలో ‘మిస్టర్ బెన్సన్ కోసం వెతుకుతున్నా’ అని అచ్చేసిన టీషర్టులు కనిపించాయి. కొన్నిటి మీద అదే వాక్యం చివర ప్రశ్నార్థకం ఉండేది. ప్రశ్నార్థకం లేకపోతే వేసుకున్నవాడు జేమీ లాంటివాడు. ఉంటే, వెతుకుతున్న బెన్సన్‌ని నేనే అని చెప్పకుండా చెప్పడం.

వారపత్రికల సీరియళ్ల రోజులు తెలిసిన తెలుగువాళ్లకు ఈ పిచ్చి అర్థమవుతుంది. హీరో లాగా సిగరెట్ పట్టుకోవడం, హీరోయిన్ పేరు పిల్లలకు పెట్టుకోవడం మనకూ జరిగినవే. బెన్సన్ విషయంలో మాత్రం పాఠకులు పేరుతోనో, స్టైలుతోనో ఆగలేదు. యజమాని ఎలా మాట్లాడాలి, దాసుడు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎవరిని ఏమని పిలవాలి అన్నవాటిని ఆ కథలోంచి నేర్చుకున్నారు. ఇలా యజమాని, దాసుడు అనే ఆట చుట్టూ అల్లుకున్న లెదర్ సాహిత్యం అనే చిన్న పాయలో అసలు విశేషం ఇదే. ఉన్న ఆచారాన్ని చూసి కథ రాశారా, కథ చదివి ఆచారాన్ని కట్టుకున్నారా అన్నది ఈ పుస్తకాల్లో ఏ పేజీ దగ్గరా సూటిగా తేలదు.

‘లెదర్’ అంటే ఇక్కడ ఒట్టి తోలు జాకెట్టు కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల్లో గే పురుషులూ ఉన్నారు. సైన్యంలోని క్రమశిక్షణ, యూనిఫాం, మగవాళ్ల మధ్య జట్టు బతుకు కొందరికి వదలలేదు. వాళ్లు మోటార్ సైకిల్ క్లబ్బుల చుట్టూ చేరారు. 1954లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ‘సాటిర్స్’ వాటిలో తొలినాటిది. తర్వాత షికాగోలో గోల్డ్ కోస్ట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో టూల్ బాక్స్ లాంటి బార్లు వచ్చాయి. టూల్ బాక్స్ లోపలి ఫోటోను ‘లైఫ్’ పత్రిక 1964 జూన్‌లో పెద్దగా వేసింది. గే అంటే ఆడంగి అని లోకం చేసే ఎగతాళికి నల్ల జాకెట్టు, బూట్లు, బండి ఒక జవాబు. ఫిన్లాండ్‌కు చెందిన తౌకో లాక్సొనెన్ ‘టామ్ ఆఫ్ ఫిన్లాండ్’ పేరుతో 1957 నుంచి అమెరికన్ పత్రికల్లో గీసిన బొమ్మలు ఆ జవాబుకు రూపం ఇచ్చాయి. అప్పట్లో దాచుకుని చూసుకున్న ఆ బొమ్మలను 2014లో ఫిన్లాండ్ ప్రభుత్వ తపాలా సంస్థే బిళ్లలుగా వేసింది.

ఈ లోకంలో కొందరికి నచ్చింది వేషం. కొందరికి కావలసింది ‘పవర్ ఎక్స్ఛేంజ్’. అంటే ఒకరు తమ ఇష్టంతో పగ్గాలు ఇంకొకరి చేతికి అప్పజెప్పడం, ఆ రెండోవారు వాటిని పట్టుకోవడం. నొప్పి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అసలు సరుకు అధికారం. సత్యభామ కాలి తన్నును మన్ననగా తీసుకున్న నంది తిమ్మన కృష్ణుణ్ణి చదివినవాళ్లకు, లొంగడంలోనూ ఒక రుచి ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. కాకపోతే అక్కడ అది ఒక అలక ఘట్టం. ఇక్కడ అదే కథంతా.

ఇలాంటి కథలు అచ్చు కావాలంటే ముందు చట్టం కాస్త సడలాలి. 1868లో ఇంగ్లండ్‌లో వచ్చిన హిక్లిన్ తీర్పు ప్రకారం, చెడిపోయే స్వభావం ఉన్నవాళ్ల చేతిలో పడి వాళ్లను చెడగొట్టగల పుస్తకం ఏదైనా అశ్లీలమే. భారత సుప్రీం కోర్టు ఈ కొలతను 1964లో కూడా వాడింది, 2014లో గానీ వదల్లేదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ 1911లో నిషేధానికి గురై, 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో బయటపడ్డ సంగతి తెలుగువాళ్లకు తెలిసిందే. అమెరికాలో ఆ పాత కొలతను సుప్రీం కోర్టు 1957లో తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ‘వన్’ అనే గే పత్రికను పోస్టులో పంపుకోవచ్చంది. 1962లో మగవాళ్ల దేహాల ఫోటోలు వేసే పత్రికలకూ అదే వెసులుబాటు దొరికింది. ఈ రెండో కేసు నడిపిన లిన్ వోమాక్ ఒకప్పుడు తత్త్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, ఆ తర్వాత ‘గిల్డ్ ప్రెస్’ ప్రచురణకర్త. 1966లో ఇంకో తీర్పు వచ్చింది. సామాజిక విలువ బొత్తిగా లేదని తేలితే తప్ప పుస్తకాన్ని అశ్లీలమనడానికి వీల్లేదు. దీంతో చవక పాకెట్ బుక్స్ వేసేవాళ్లు ఒక తెలివైన పని చేశారు. డాక్టర్ డిగ్రీ తగిలించుకున్న ఎవరో ఒకరి చేత గంభీరమైన ముందుమాట రాయించేవాళ్లు. అదే సామాజిక విలువ!

వోమాక్ 1966లోనే వేసిన పుస్తకం ‘స్టడ్’. ఇంగ్లీషులో దాని మొదటి అక్షరం చోట డాలర్ గుర్తు ఉంటుంది, ఎందుకంటే కథ చెప్పేవాడు డబ్బు తీసుకుని పడక పంచుకునేవాడు. రచయిత పేరు ఫిల్ ఆండ్రోస్. గ్రీకులో ఒక ముక్కకు ప్రేమ అని, ఇంకో ముక్కకు పురుషుడు అని అర్థం. ఆ ముసుగు వెనక ఉన్నది శామ్యూల్ స్టీవార్డ్. 1909లో ఒహాయోలో పుట్టి, ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్‌కు స్నేహితుడు. అదే సమయంలో షికాగో స్టేట్ స్ట్రీట్‌లో ‘ఫిల్ స్పారో’ పేరుతో పచ్చబొట్లు పొడిచేవాడు. 1956లో విశ్వవిద్యాలయం వదిలిపోయాక సూదే జీవనాధారమైంది. తర్వాత ఓక్‌లాండ్ వెళ్లి హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్ సైకిల్ ముఠా వాళ్లకూ పచ్చబొట్లు వేశాడు. లైంగిక జీవితాల మీద పరిశోధన చేసిన ఆల్ఫ్రెడ్ కిన్సీకి చాలాకాలం సమాచారం ఇచ్చాడు.

ఈ పాయలో వాక్యం బాగా రాయగలిగినవాడు ఎవరని అడిగితే స్టీవార్డ్ పేరే చెప్పాలి. కథకుడు చదువుకున్నవాడు, వ్యంగ్యం తెలిసినవాడు, తనమీద తను నవ్వుకోగలడు. యజమాని, దాసుడు అనే ఆట అక్కడ కనిపించినా, అది దీక్షలాగా ఉండదు. ఇద్దరు మనుషులు ఒక గదిలో కలిశారు, ఒకడికి ఒకటి కావాలి, ఇంకొకడికి ఇంకొకటి కావాలి, ఎవరు ఎవరిని ఆడించారో చివరికి తారుమారు అవుతుంది. నియమాల పుస్తకం లేదు, ఉందని ఎవరూ అనుకోరు కూడా.

ఆ నియమాల పుస్తకం రెండేళ్లకు మరోచోట మొదలైంది. 1968లో విలియం కార్నీ ‘ది రియల్ థింగ్’ అనే నవల రాశాడు. వేసింది ఫుట్‌పాత్ మీద అమ్మే ప్రెస్ కాదు, న్యూయార్క్‌లో పేరున్న పుట్నమ్స్ సంస్థ. నవల మొత్తం ఉత్తరాలు. ఒక అంకుల్ తన నెఫ్యూకి రాస్తాడు. మేనమామా, బాబాయా అన్నది ఇంగ్లీషు మాటలో తేలదు, తెలుగులో అయితే మొదటి ఉత్తరంలోనే తేల్చుకోవాల్సి వచ్చేది. పెద్దాయన భాష చాలా సంస్కారవంతంగా, పద్దెనిమిదో శతాబ్దపు దొరలు రాసుకున్నట్టు ఉంటుంది. విషయం మాత్రం నొప్పి, ఆజ్ఞ, లొంగుబాటు. కుర్రాడు ఈ లోకంలోకి ఎలా అడుగుపెట్టాలి, నిజమైనవాణ్ణి వేషగాణ్ణి ఎలా వేరు చేయాలి, ఏది మర్యాద, ఏది కాదు, ఇవన్నీ ఆయన బోధిస్తాడు.

ఈ ఉత్తరాల రూపం ఊరికే వచ్చింది కాదు. అప్పటికి ఈ లోకానికి బడి లేదు, గుడి లేదు, పెద్దల ఆశీర్వాదం అంతకన్నా లేదు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చెవిలో మాటగా తప్ప ఏదీ అందదు. ఆ చెవిలో మాటను కార్నీ అచ్చులోకి తెచ్చాడు. ఒరవడి మాత్రం గురుశిష్యులది. ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. చెప్పే గొంతు పెద్దాయనది, ఆయన చెప్పినట్టే ఆ లోకం ఉందని పాఠకుడు నమ్మాలి. అధికారం గురించిన నవలలో మొట్టమొదటి అధికారం కథ చెప్పేవాడిదే. లోకం నిండా గంభీరమైన నియమాలు ఉన్నాయని ఆయన అంటాడు. ఉన్నాయో, ఆయన కల్పించాడో తెలుసుకునే దారి ఊళ్లో ఒంటరిగా కూర్చుని చదివే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎక్కడిది?

1972లో లారీ టౌన్‌సెండ్ నవల అనే ముసుగు కూడా తీసేశాడు. ‘ది లెదర్‌మ్యాన్స్ హ్యాండ్‌బుక్’ పేరులోనే కరదీపిక అని ఉంది. టౌన్‌సెండ్ అన్నది కలం పేరు. ఆయన అమెరికా వైమానిక దళంలో జర్మనీలో పనిచేసి వచ్చి, లాస్ ఏంజెలెస్‌లో సైకాలజీ చదివాడు. పోలీసుల వలలో పడ్డ గే పురుషులకు న్యాయ సహాయం అందించే సంస్థలో ముందుండి నడిచాడు. అప్పటికే చవక నవలలు చాలా రాసి ఉన్నాడు. ఈ పుస్తకం వేసింది 1955లో పారిస్‌లో నబకోవ్ నవల ‘లోలిటా’ను మొదట ప్రచురించిన ఒలింపియా ప్రెస్, అప్పటికి న్యూయార్క్ చేరింది.

చదవడం మొదలుపెడితే మొదట ఇది సలహాల పుస్తకంలా ఉంటుంది. బార్‌కి ఏం వేసుకెళ్లాలి, కొత్తవాడితో ఎంతవరకు వెళ్లాలి, ఏ పని ఒంటికి ప్రమాదం, ఎవరిని నమ్మకూడదు. ప్రశ్నావళి పంపి జవాబులు కూడా సేకరించాడు. రెండు పేజీలు తిప్పేసరికి సలహా ఆగి కథ మొదలవుతుంది. మోతాదు మించిన కల్పన. మళ్లీ సలహా, మళ్లీ కథ. ఏది చేయదగ్గది, ఏది ఊహించుకుని ఊరుకోదగ్గది అన్న గీత అతనికి తెలుసు, చాలాచోట్ల హెచ్చరిస్తాడు కూడా. కానీ రెండూ ఒకే అట్టల మధ్య, ఒకే గొంతుతో ఉన్నాయి. వంటల పుస్తకంలో ప్రతి వంటకం పక్కనా ఒక మాయాబజార్ విందు రాస్తే, కొన్నాళ్లకు ఇంట్లో లడ్డూలు వాటంతట అవే నోట్లోకి రావాలని కొందరు ఆశపడక మానరు.

మూడేళ్లకు, 1975లో, ‘డ్రమ్మర్’ లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. జాన్ ఎంబ్రీ ప్రచురణకర్త, మొదటి సంపాదకురాలు జీన్ బార్నీ. మగవాళ్ల లెదర్ పత్రికకు తొలి సంపాదకురాలు ఒక మహిళ అన్నది చాలామంది మరిచిపోయే సంగతి. 1976 ఏప్రిల్‌లో విరాళాల కోసం ఒక ఉత్తుత్తి ‘బానిసల వేలం’ పెట్టారు. పోలీసులు భారీగా దాడి చేసి 40 మంది దాకా పట్టుకుపోయారు. మోపిన నేరం ఏమిటంటే, మనుషుల్ని బానిసలుగా అమ్మడం! మనుషుల కొనుగోలు అమ్మకాలను అరికట్టడానికి పెట్టుకున్న చట్టాన్ని, తమ ఇష్టంతో నవ్వుకుంటూ వేలానికి నిలబడ్డవాళ్ల మీద వాడారు. ఆ నేరారోపణ నిలబడలేదు. కానీ పత్రిక అక్కడ ఉండలేక 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోకు మారింది. జాక్ ఫ్రిచర్ సంపాదకత్వంలో అక్కడే బలపడింది, అక్కడే బెన్సన్‌ను మోసింది.

‘మిస్టర్ బెన్సన్’ గొప్ప నవల అని వాదించడం కష్టం. ప్రెస్టన్ కూడా ఎన్నడూ సాహిత్య మర్యాదలు అడగలేదు. తనను తాను పోర్నోగ్రాఫర్ అనే పిలుచుకున్నాడు, 1993లో వచ్చిన వ్యాసాల పుస్తకానికి ‘పోర్నోగ్రాఫర్‌గా నా జీవితం’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. అయినా ఈ కథ నిలబడటానికి ఒక కారణం ఉంది. చెప్పేవాడు జేమీ. కార్నీ నవలలో యజమాని వైపు గొంతు వినిపిస్తే, ఇక్కడ దాసుడి గొంతు వినిపిస్తుంది. జేమీ వాగుడుకాయ. భయపడతాడు, గునుస్తాడు, నవ్విస్తాడు, ఆపైన ఆశ్చర్యపడతాడు. అధికారం అప్పగించినవాడి చేతిలోనే కథ ఉండిపోవడం వల్ల, ఎంత లొంగినా అతను పాఠకుడికి బొమ్మలా అనిపించడు. బెన్సన్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా దాదాపు బొమ్మే. ఖరీదైన ఇల్లు, ఖరీదైన అలవాట్లు, ఎన్నడూ తడబడని నోరు. అద్దె కట్టలేక టెన్షన్ పడే యజమానిని ఈ నవలల్లో వెతకడం దండగ. కలల్లో ఉండే ఆస్తిపాస్తులన్నీ ఇక్కడా ఉన్నాయి.

కథ రెండో సగంలో ప్రెస్టన్ ఒక చవక మలుపు తెచ్చాడు. కుర్రాళ్లను ఎత్తుకుపోయి నిజంగానే అమ్మేసే ముఠా ఒకటి దిగుతుంది. డిటెక్టివ్ నవల వాసన వేసే ఈ భాగాన్ని చాలామంది తీసిపారేస్తారు. కానీ నవలలో తెలివైన పని అదే. ఇష్టంతో మెడకు కట్టుకున్న పట్టాకు, బలవంతంగా వేసిన సంకెలకు తేడా ఏమిటని ఉపన్యాసం ఇవ్వకుండా, రెండిటినీ ఒకే కథలో పక్కపక్కన పెట్టి చూపించాడు. అప్పటికి మూడేళ్ల క్రితం లాస్ ఏంజెలెస్ పోలీసులకు అర్థం కానిది సరిగ్గా ఆ తేడానే.

ఈ తేడా మీదే ఈ సాహిత్యానికి ఎదురైన గట్టి విమర్శ కూడా నిలబడుతుంది. ఇష్టం అంటున్నారు సరే, ఆ ఇష్టాన్ని అడిగింది ఎప్పుడు? పాత నవలల్లో చాలావాటిలో ముందుగా కూర్చుని మాట్లాడుకోవడం, హద్దులు చెప్పుకోవడం, ఆపమంటే ఆగాల్సిన మాట ఒకటి అనుకోవడం కనిపించవు. పెద్దమనిషి చూపు పడుతుంది, కుర్రాడికి తనకే తెలియని కోరిక బయటపడుతుంది, అంతే. రొమాన్స్ నవలల్లో హీరో హీరోయిన్‌తో మాట్లాడకుండానే ఆమె మనసు తెలుసుకున్నట్టు. కల్పనలో ఇది చెల్లుతుంది, ఎందుకంటే పాఠకుడు జేమీ మనసులోనే కూర్చుని ఉన్నాడు, అతనికి ఇష్టమని క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. నిజమైన గదిలో ఎదుటివాడి మనసులో కూర్చునే వీలు ఎవరికీ లేదు. ‘భద్రంగా, వివేకంతో, సమ్మతితో’ అన్న మూడు మాటల సూత్రాన్ని 1983లో న్యూయార్క్‌లోని ఒక గే సంఘం తయారుచేసింది. బెన్సన్ పుస్తకంగా వచ్చింది కూడా ఆ ఏడాదే. నవలలు వదిలేసిన ఖాళీని ఆ సూత్రం పూడ్చిందనుకోవచ్చు.

ఇంకో విమర్శకు జవాబు అంత తేలిక కాదు. బానిస, యజమాని అన్న మాటలను అమెరికాలో తెల్లవాళ్లు సరదాకు వాడుకోవచ్చా? అక్కడ బానిసత్వం రద్దయింది 1865లో, అంటే ఈ రచయితల తాతముత్తాతల కాలం. ఈ నవలల్లో యజమానులు, దాసులు కూడా ఎక్కువగా తెల్లవాళ్లే కావడంతో ఆ చరిత్ర అసలు గదిలోకి రానట్టే కథలు నడుస్తాయి. రానట్టు నటించినంత మాత్రాన మాట బరువు తగ్గదు. ‘దాసుడు’ అని తెలుగులో రాసినప్పుడు భక్తి వాసన వస్తుంది, రామదాసు గుర్తొస్తాడు. ఇంగ్లీషు మాటకు ఆ తప్పించుకునే దారి లేదు.

1980ల మొదట్లో ఎయిడ్స్ వచ్చిపడింది. లెదర్ లోకం మీద దెబ్బ మరీ గట్టిగా పడింది. 1976లో మొదలై, ఏ బట్టలతో రావచ్చో తలుపు దగ్గరే బోర్డు పెట్టిన మైన్‌షాఫ్ట్ అనే న్యూయార్క్ క్లబ్‌ను 1985లో అధికారులు మూయించారు. అదే 1985లో ప్రెస్టన్ ‘హాట్ లివింగ్’ అనే కథల సంకలనం తెచ్చాడు. జాగ్రత్తలు పాటిస్తూనే కోరిక చావకుండా ఎలా రాయొచ్చో చూపడం దాని పని. అంటే మళ్లీ అదే, కథే పాఠం. ఈసారి తెలిసి చేశాడు. బెన్సన్ చదివి జనం ప్రవర్తన నేర్చుకున్నారని టీషర్టులు రుజువు చేశాయి కదా, అదే దారిలో కండోమ్ కూడా నేర్పవచ్చు. డాక్టర్ల కరపత్రం చేయలేనిది కథ చేస్తుందన్న నమ్మకం అది. ప్రెస్టన్ 1994లో ఎయిడ్స్‌తోనే పోయాడు, 48 ఏళ్లకు.

నేర్పాల్సిన పెద్దవాళ్లు ఒక తరం మొత్తం అలా వెళ్లిపోయాక, మిగిలినవి పుస్తకాలు. 1990లలో ఈ లోకంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ‘ఓల్డ్ గార్డ్’ అనే మాట వాడసాగారు. వెనకటి రోజుల్లో కఠినమైన శిక్షణ, మెట్లు మెట్లుగా ఎదగడం, జాకెట్టు సంపాదించుకోవడం ఉండేవని, ఇప్పుడు అంతా పాడైందని. కొన్ని ఊళ్లలో, కొన్ని క్లబ్బుల్లో అలాంటివి ఉన్నాయి నిజమే. కానీ అంత చక్కగా అల్లుకున్న వ్యవస్థ ఎక్కడ కనిపిస్తుందంటే, కార్నీ ఉత్తరాల్లో, టౌన్‌సెండ్ కరదీపికలో, బెన్సన్ ఇంట్లో. 1950లలో నిజంగా అక్కడ ఉన్న స్టీవార్డ్ కథల్లో అది కనబడదు. సినిమా రాయలవారిని చూసి విజయనగరం అలాగే ఉండేదని నమ్మడం లాంటిదే ఇది. ఇక్కడ ఆ సినిమా చూసినవాళ్లు తిరిగొచ్చి కొత్త విజయనగరం కట్టుకున్నారు, అది వేరే సంగతి. లారా ఆంటోనియూ 1993లో మొదలుపెట్టిన ‘మార్కెట్‌ప్లేస్’ నవలల్లో ఆ కట్టడం పూర్తి స్థాయి సంస్థ అయిపోయింది. ఒప్పందాలు, శిక్షకులు, జీతభత్యాలు అన్నీ ఉంటాయి. ఇప్పుడు మగవాళ్ల లోకమే కాదు, ఆడవాళ్లూ అన్ని రకాలవాళ్లూ ఉన్నారు.

కథను నిజంగా తీసుకున్నది అభిమానులు మాత్రమే కాదు. కెనడా కస్టమ్స్ అధికారులూ అంతే. వాంకూవర్‌లో 1983లో మొదలైన ‘లిటిల్ సిస్టర్స్’ అనే గే పుస్తకాల షాపుకు అమెరికా నుంచి వచ్చే పెట్టెలను సరిహద్దులో ఏళ్ల తరబడి ఆపేసేవారు. కట్టేయడం, కొట్టడం ఉన్న పుస్తకమంటే వాళ్లకు మొదట అనుమానం. పుస్తకంలో ఉన్నది చదివినవాడు చేసేస్తాడన్న ఆ లెక్క, బెన్సన్ టీషర్టు వేసుకున్నవాడి లెక్కా ఒకటే, ఒకరికి ఆశ, ఇంకొకరికి భయం. షాపువాళ్లు కోర్టుకెక్కారు. 2000 డిసెంబర్‌లో కెనడా సుప్రీం కోర్టు, అశ్లీల పుస్తకాలను సరిహద్దులో ఆపే కస్టమ్స్ చట్టాన్ని చాలావరకు ఉంచింది గానీ, కస్టమ్స్ వాళ్లు ఈ షాపు పట్ల వివక్ష చూపారని తేల్చింది. పుస్తకం అశ్లీలం కాదని దిగుమతి చేసుకునేవాడే రుజువు చేయాలన్న నిబంధనను కొట్టేసింది. ఆ తర్వాత మళ్లీ నాలుగు పుస్తకాలు ఆగిపోయాయి. కామిక్స్ రెండు, తాళ్లతో కట్టేసే కథల సంకలనాలు రెండు. షాపువాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. ఈసారి ఖర్చు భరించే స్తోమత లేదు, ప్రభుత్వమే ముందుగా ఇవ్వాలని అడిగారు. 2007 జనవరిలో సుప్రీం కోర్టు కుదరదంది. డబ్బు లేక ఆ పోరాటం అక్కడితో ఆగింది.